తీరాన 76 టన్నులు, మెస్సులో 30 టన్నులు

2022 ఆగస్టు 26 ఉదయం విశాఖ తీరం వెంట, గోకుల్ బీచ్ నుంచి భీమిలి దాకా 28 కిలోమీటర్ల పొడవునా జనం వంగి ప్లాస్టిక్ ఏరారు. పార్లే ఫర్ ది ఓషన్స్ అనే అంతర్జాతీయ సంస్థతో కలిసి రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన కార్యక్రమం అది. 22 వేల మందికి పైగా పాల్గొన్నారని, 76 టన్నుల ప్లాస్టిక్ పోగైందని అదే రోజు ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) కన్వెన్షన్ సెంటర్‌లో జరిగిన సభలో ప్రకటించారు. ఏరినవాళ్లలో కాలేజీ పిల్లలు తక్కువేం లేరు. ఈ ఊళ్లో ఏ శ్రమదానం తలపెట్టినా ముందు కబురు వెళ్లేది కాలేజీల్లోని జాతీయ సేవా పథకం (ఎన్నెస్సెస్) ప్రోగ్రాం ఆఫీసర్లకే.

76 టన్నుల్ని 22 వేలతో భాగిస్తే తలకు మూడున్నర కిలోలు. ఒక పూట శ్రమకు చెప్పుకోదగ్గ ఫలితమే. అయితే మహా విశాఖ నగరం రోజుకు అటూఇటూగా వెయ్యి టన్నుల చెత్త పోగేస్తుంది. అంటే 22 వేల మంది ఏరినంత బరువు చెత్తను ఊరు రెండు గంటల్లోపే మళ్లీ తయారుచేసేస్తుంది. తీరం శుభ్రం చేయడం దండగని చెప్పడానికి కాదు ఈ లెక్క. పరిశుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండ బీచ్‌కు 2020లో వచ్చింది, దాన్నే తీసుకోండి. అందులో 33 ప్రమాణాలున్నాయి, ఏడాది పొడవునా నిలబెట్టుకోవాలి. 2025 మొదట్లో ఆ జెండా కొన్నాళ్లు దిగింది కూడా. ఒకరోజు ఊడ్పుతో నిలిచేది కాదది.

విద్యార్థుల పర్యావరణ కార్యక్రమాల్లో మనం లెక్కపెట్టేవి దాదాపు ఎప్పుడూ ఇలాంటి అంకెలే: ఎంతమంది వచ్చారు, ఎన్ని బస్తాలు నిండాయి, ఎన్ని మొక్కలు నాటారు. ఫొటోకు సరిపోయే అంకెలు. క్యాంపస్‌ను నిజంగా మార్చే అంకెలు వేరే ఉన్నాయి. అవి చూడ్డానికి చప్పగా ఉంటాయి, రోజూ రాసుకోవాల్సి వస్తుంది.

హాస్టల్ మెస్సుతో మొదలుపెడదాం. లెక్క కోసం వెయ్యి మంది ఉండే హాస్టల్ అనుకోండి. పూటకు ఒక్కొక్కరు కంచంలో వదిలేది 50 గ్రాములు, అంటే ఒకటి రెండు ముద్దలు. మూడు పూటలకు 150 కిలోలు. ఏడాదిలో 200 రోజులు మెస్సు నడిస్తే 30 టన్నులు. ఇలాంటి హాస్టళ్లు మూడుంటే ఆగస్టు 26 నాటి 76 టన్నుల్ని దాటేస్తాయి. ప్లాస్టిక్కూ అన్నమూ ఒకటి కావు, నిజమే. కానీ ఆ అన్నం కుప్పలో పడి గాలి తగలక కుళ్లితే వచ్చేది మీథేన్. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు ఘాటు.

ఈ 150 కిలోలకు చట్టంలోనూ ఒక అర్థముంది. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం రోజుకు 100 కిలోలు దాటితే ఆ సంస్థ భారీ వ్యర్థ ఉత్పత్తిదారు. హాస్టళ్లు, కాలేజీలు, విశ్వవిద్యాలయాలు అన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాస్‌గానో మార్చుకోవాలి. తూకమే వేయని హాస్టల్‌కు తాను ఆ గీత దాటిందో లేదో కూడా తెలియదు.

నిబంధనల సంగతి అలా ఉంచినా, డివైడింగ్ మెస్సుల్లో ఇది జేబుకు తగిలే వ్యవహారం. నెలాఖరున మొత్తం ఖర్చును తలలతో భాగించే పద్ధతి కదా. వదిలేసిందంతా అన్నమే అనుకుంటే 150 కిలోల అన్నానికి సుమారు 50 కిలోల బియ్యం, అంటే రోజుకు రెండు పాతిక కిలోల బస్తాలు. కిలో 50 రూపాయల చొప్పున రోజుకు 2,500, ఏడాదికి 5 లక్షలు. తలకు 500 రూపాయలు. అన్నం వృథా చేయకండి అని గోడమీద రాసిన నీతివాక్యాన్ని ఎవరూ చదవరు. మెస్ బిల్లు కింద ‘పారేసినది: ఇంత’ అని ఒక వరుస అచ్చువేస్తే అందరూ చదువుతారు.

తర్వాత ఫ్యాను. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30, 35 వాట్లతో తిరుగుతుంది. 40 వాట్ల తేడా, రోజుకు 12 గంటలు, ఏడాదికి 250 రోజులు: ఫ్యానుకు 120 యూనిట్లు మిగులు. వెయ్యి ఫ్యాన్లకు 1.2 లక్షల యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. అంటే 86 టన్నులు తగ్గినట్టు. ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల మేర పీల్చుకుంటుందన్న మోటు లెక్క పట్టుకుంటే, 4,300 చెట్ల పని. ఇంతే కరెంటును సౌరఫలకాలతో తీయాలంటే 85 కిలోవాట్ల దాకా బిగించాలి. ఏసీలున్న సెమినార్ హాళ్ల సంగతి ఇంకా తేలిక. ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ 2018 నుంచీ చెబుతూనే ఉంది. పైసా ఖర్చు లేదు, రిమోట్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే కష్టం.

ఇక మొక్కలు. విశాఖ క్యాంపస్‌లకు మొక్కలంటే మమకారం ఊరికే రాలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలులతో తీరం దాటినప్పుడు ఊరి పచ్చదనం ఒక్క పగట్లో నేలకూలింది. ఏయూ ఆవరణలో దశాబ్దాల నాటి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత ప్రతి వర్షాకాలమూ నాటుతూనే ఉన్నారు. చిక్కెక్కడంటే, నాటేది జులైలో, ఎండేది మే నెలలో. మేలో హాస్టళ్లు ఖాళీ. మొక్కకు కనీసం రెండు వేసవులు ఎవరో ఒకరు నీళ్లు పోయాలి. నాటిన సంఖ్య బ్యానరు మీద ఉంటుంది కానీ రెండో ఏడాది జూన్‌లో ఎన్ని బతికున్నాయన్న సంఖ్య ఏ బ్యానరు మీదా కనపడదు. నన్నడిగితే కాలేజీలు ఆ రెండో అంకెనే ప్రకటించాలి.

ఈ ఊరి కొలతల్లో ఇవన్నీ ఎంత? ఇక్కడ మొహమాటం పనికిరాదు. విశాఖ ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే 1.8 కోట్ల టన్నులు. తన ఆవరణలో 50 లక్షలకు పైగా మొక్కలు నాటానని ప్లాంటు చెప్పుకుంటుంది. అన్నీ బతికి ఎదిగినా వాటి వంతు లక్ష టన్నులు, ఒక శాతంలో సగానికి కాస్త పైన. వెయ్యి ఫ్యాన్ల 86 టన్నులు ఆ పక్కన కనిపించను కూడా కనిపించవు.

ఆ ప్లాంటు రావడం వెనుకా విద్యార్థులే ఉన్నారు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని ఏయూ పిల్లలు వీధుల్లోకి వచ్చారు. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రవ్యాప్తంగా 32 మంది చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. అప్పటి పిల్లలు ఢిల్లీ చేత ఒక నిర్ణయం మార్పించారు. ఇప్పటి పిల్లలకు చీపురు, మొక్క చేతికిచ్చి సరిపెడుతున్నామేమోనని నా అనుమానం. తమ కాలేజీ ఏం కొంటుంది, కరెంటు బిల్లు ఎంత, మెస్ కాంట్రాక్టులో ఏం రాసుంది అనే కాగితాలు వాళ్ల చేతికి రావడంలేదు. ఉక్కు కొలిమిని హాస్టల్ కుర్రాడు మార్చలేడు. తన హాస్టల్‌కు రాబోయే వెయ్యి ఫ్యాన్ల టెండరును మార్పించగలడు.

అడ్డొచ్చేది మళ్లీ ఒక అంకే. ఎన్నెస్సెస్ వాలంటీరు ఉండేది రెండేళ్లు, డిగ్రీ మూడు నాలుగేళ్లు. బీఎల్‌డీసీ ఫ్యాను 3,000 రూపాయలు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఏడాదికి మిగిలేది 840. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు. అడిగినవాడు ఫలితం చూడకుండానే టీసీ తీసుకుని వెళ్లిపోతాడు. కాలేజీ ఉంటుంది, కానీ దాని చూపు కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్ సంస్థ తనిఖీ జరిగే సంవత్సరం మీద ఉంటుంది. న్యాక్ పాత పద్ధతిలోని 1,000 మార్కుల్లో హరిత తనిఖీ, ఇంధన తనిఖీ వంటివి చేరిన ఏడో ప్రమాణానికి దక్కింది 100.

గంటలకైతే కరువు లేదు. ఎన్నెస్సెస్‌లో వాలంటీరుకు ఏడాదికి 120 గంటలు. వంద మంది యూనిట్‌కు 12 వేల గంటలు. మెస్సు గుమ్మం దగ్గర పూటకు అరగంట తూకం వేసి రాసుకోవాలంటే 200 రోజులకు 300 గంటలు, తలకు 3 గంటలు. ఆ పుస్తకం మాత్రం యూనిట్ దగ్గర కాకుండా వార్డెన్ ఆఫీసులో ఉండాలి, వెళ్లిపోయే బ్యాచ్‌తో పాటు పోకుండా. మే నెలలో మొక్కలకు నీళ్లు పోసే పని తోటమాలి డ్యూటీ చార్టులో రాయించాలి. దానికి ప్రిన్సిపల్ సంతకం కావాలి, జూన్‌లో కాదు, ఏప్రిల్‌లోనే.