తాళంచెవి ఎక్కడ దాచారు?

విజయవాడ నుంచి ఏలూరు వస్తూ నాన్న బస్సులో ఫోన్ పోగొట్టుకున్నారు. ఇంటికి చేరాక అమ్మ ఫోన్ నుంచి నాకు చేశారు. "ఫోన్ పోతే పోయిందిరా, అందులో బ్యాంకు కాగితం ఫొటో ఉంది" అన్నారు. నా గుండె జారిపోయింది. నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, లాగిన్ పాస్‌వర్డ్, డబ్బు పంపడానికి వాడే రెండో పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసుకుని, అది చిరిగిపోతుందేమోనని ఫొటో తీసి పెట్టుకున్నారట. ఏటీఎం పిన్ ఎవరి కంటా పడకూడదని కాంటాక్టుల్లో 'సుబ్బారావు ఏటీఎం' అని ఒక పేరు సృష్టించి, ఆ నంబరు చివరి నాలుగంకెలుగా దాచారు. ఓటీపీలు వచ్చే సిమ్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంది.

ముందు సిమ్ ఆపించాం. తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించాం. రూపాయి పోలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై రెండేళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. తెలివి తక్కువై చేసిన పని కాదది. బ్యాంకు, పెన్షన్, ఆదాయపు పన్ను, గ్యాస్, కరెంటు అన్నీ కలిపి ఆయన గుర్తుపెట్టుకోవాల్సినవి పంతొమ్మిది తేలాయి. అన్నీ వేరువేరుగా పెట్టు, ఎక్కడా రాయకు, తరచూ మార్చు అని డెబ్భై ఏళ్ల మనిషికి చెబితే ఆయన ఏం చేస్తాడు? మనవడి పేరు పక్కన పుట్టిన సంవత్సరం చేర్చి, అన్నిటికీ అదే పెట్టేస్తాడు.

అసలు ముప్పు అదే. ఎప్పుడో చీర కొన్న చిన్న వెబ్‌సైటు నుంచి ఈమెయిల్, పాస్‌వర్డ్ దొంగల చేతికి పోతాయి. వాళ్లు ఆ జంటను పట్టుకుని వందల చోట్ల పెట్టి చూస్తారు, ఒక్క తాళంచెవితో వీధిలోని తలుపులన్నీ తిప్పి చూసినట్టు. ఈ పని మనుషులు చేయనక్కర్లేదు, ప్రోగ్రాములే చేస్తాయి. అందుకే బ్యాంకుకు పెట్టిన పాస్‌వర్డ్ ఇంకెక్కడా ఉండకూడదు. ఈమెయిల్‌కు పెట్టింది కూడా అంతే, ఎందుకంటే మిగతావాటి పాస్‌వర్డ్‌లు మార్చుకునే లింకులు చాలావరకు అక్కడికే వస్తాయి.

మరి గుర్తుండేదెలా? రాసుకోండి. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ 2005లోనే ఈ మాట చెప్పాడు: తేలిగ్గా గుర్తుండే బలహీనమైన పాస్‌వర్డ్ కన్నా, గట్టిది పెట్టుకుని చిన్న కాగితం మీద రాసి పర్సులో దాచుకోవడం మేలని. ఇంటర్నెట్ దొంగ ఏ దేశంలో కూర్చున్నా మన బీరువాలోని నోటుబుక్కును తెరవలేడు. ఫోన్‌లో తీసిన ఫొటో, వాట్సాప్‌లో తనకు తాను పంపుకున్న సందేశం మాత్రం ఆ ఫోన్ ఎవరి చేతిలో పడితే వాళ్ల సొత్తు. ఇంటికి వచ్చేపోయే వాళ్ల భయం ఉంటే పుస్తకంలో పూర్తిగా రాయకండి. ప్రతి పాస్‌వర్డ్ చివరా చేర్చే ఒక చిన్న మాటను మనసులోనే ఉంచుకోండి.

నాన్నకు ఇప్పుడు నోటుబుక్కే. నేను పాస్‌వర్డ్ మేనేజర్ వాడతాను. బిట్‌వార్డెన్, కీపాస్ లాంటివి డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. పాస్‌వర్డ్‌లన్నీ ఒక పెట్టెలో పెట్టి, మనం ఎంచుకున్న ఒక్క పెద్ద పాస్‌వర్డ్‌తో గుప్తలిపిలోకి మార్చేస్తాయి. ఆ పెద్ద పాస్‌వర్డ్ వాటిని తయారుచేసిన వాళ్ల దగ్గర కూడా ఉండదు. 2022లో లాస్ట్‌పాస్ అనే ఇలాంటి మేనేజర్ కంపెనీ నుంచి ఖాతాదారుల పెట్టెల నకళ్లను దొంగలు ఎత్తుకుపోయారు. అప్పుడు ఎక్కువగా భయపడాల్సి వచ్చింది పెద్ద పాస్‌వర్డ్‌ను తేలికగా పెట్టుకున్నవాళ్లే. దాన్ని ఇలా తయారుచేసుకోండి: ఇంట్లో ఉన్న నిఘంటువును కళ్లు మూసుకుని ఐదుసార్లు తెరిచి, వేలు పడ్డ మాటలు తీసుకోండి. ఉలవలు, గొడుగు, అటక, పొట్లకాయ, సున్నం అన్నట్టు పొంతన లేని మాటలు రావాలి. వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పాట పల్లవి వద్దు, సామెత వద్దు, ఇక్కడ అచ్చయిన ఈ ఐదూ వద్దు.

మేనేజర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం వేరే. అది వెబ్‌సైటు చిరునామా చూసి గానీ పాస్‌వర్డ్ నింపదు. మన కళ్లు రంగునూ గుర్తునూ చూసి మోసపోతాయి. అది మాత్రం ఒక్క అక్షరం తేడా ఉన్నా కదలదు. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు కేటాయించేది మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. బ్యాంకు చిరునామా మారాక నా మేనేజర్ కూడా నింపడం మానేసింది. అలాంటప్పుడు పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికించేయకూడదు. చిరునామా చివర ఆ ముక్క ఉందో లేదో స్వయంగా చూసుకుని, మేనేజర్‌లో కొత్త చిరునామా రాసుకోవాలి. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు తెరిచినప్పుడు మేనేజర్ మౌనంగా ఉంటే అక్కడే ఆగిపోండి.

బ్యాంకుల మీద నాకు కోపం కూడా ఉంది. నాకు ఖాతా ఉన్న ఒక బ్యాంకు పాస్‌వర్డ్ అతికించనివ్వదు, కొన్ని నెలలకోసారి మార్చమంటుంది. మార్చమన్న ప్రతిసారీ జనం చివరి ఒకటిని రెండు చేస్తారు, అంతే. కాలం ప్రకారం బలవంతంగా మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. 2003లో అక్కడే ఆ పాత నియమాలు రాసిన బిల్ బర్ కూడా తన సలహాల్లో చాలావాటికి చింతిస్తున్నానని పత్రికల వాళ్లతో ఒప్పుకున్నాడు. పెద్దవాళ్లను ఇంకా ఎందుకు వేధించాలి?

యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం ఎక్కడా రాయొద్దు. నాలుగో ఆరో అంకెలు, రోజూ వాడేవి, అవి తలలో ఉంటాయి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఇంత చేసినా డబ్బు పోతే గంటలు లెక్క. వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయాలి. తప్పు బ్యాంకుదీ మనదీ కాక బయటివాళ్ల వల్ల పోతే, మూడు పనిదినాల్లో తెలిపినవారి మీద నష్టం పడదని 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెప్పింది. పాస్‌వర్డ్ మనమే ఎవరికైనా ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా మనదే.

ఈ మాట విన్నాక నాన్న అడిగారు: "మరి రేపు నాకేమైనా అయితే మీ అమ్మకు తెలియాలి కదరా?" పోయినవారి పాస్‌వర్డ్‌తో డబ్బు తీయడం దారి కాదు, దానికి నామినీ ఉన్నాడు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురిని పెట్టుకోవచ్చు. ఏయే బ్యాంకుల్లో ఏయే ఖాతాలున్నాయో, పాస్‌వర్డ్‌లు లేకుండా, ఒక కాగితం మీద రాసి అమ్మకు ఇచ్చాం. సోమవారం పాస్‌బుక్కులు పట్టుకుని ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. పాత ఖాతాలో నామినీగా ఇంకా నాయనమ్మ పేరే ఉంది. ఆవిడ పోయి పన్నెండేళ్లు. నాన్న ఆ పేరు వైపు కాసేపు చూసి, పెన్ను తీసి అమ్మ పేరు రాశారు.