ప్రాణం పోతే అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి: ‘ఉచిత’ వీడియో గేముల లెక్కేంటి?

‘కాంట్రా’లో మూడు ప్రాణాలు ఉండేవి. అన్నీ పోతే ‘గేమ్ ఓవర్’. బటన్ నొక్కి మళ్లీ మొదటి నుంచి ఆడుకోవచ్చు, పైసా అక్కర్లేదు. ‘క్యాండీ క్రష్’లో ఐదు ప్రాణాలు. అవి పోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి. ఆగలేనివాళ్లు డబ్బు కట్టి కొనుక్కోవచ్చు.

ఇంటి టీవీల్లోకి వచ్చిన ‘కాంట్రా’ 1988 నాటిది, ‘క్యాండీ క్రష్’ 2012లో వచ్చింది. ఈ మధ్యలో బొమ్మల నాణ్యత ఎంతో మారింది. కానీ చిన్నప్పటి నుంచీ ఆడుతున్న నాకు అంతకంటే పెద్దగా కనిపించే మార్పు ఒకటుంది: ఓడిపోయినవాడితో ఆట ఎలా వ్యవహరిస్తుందన్నది.

‘మా అబ్బాయికి ఏ గేమ్ మంచిది?’ అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. అందులో తుపాకులున్నాయా లేదా అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. ఆ గేమ్ డబ్బు ఎప్పుడు అడుగుతుంది, ఎన్నిసార్లు అడుగుతుంది అన్నది నా మొదటి ప్రశ్న.

క్యాసెట్ల కాలం

నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో ‘ఫ్యామికామ్’ను విడుదల చేసింది. మన ఇళ్లకు ఎక్కువగా చేరింది దాని నకళ్లే. వాటితో వచ్చే క్యాసెట్ మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. నిజానికి లోపల ఉండేవి కొన్ని ఆటలే. అదే మారియోను రెండో లెవెల్ నుంచి మొదలుపెడితే ఒక ఆట, మూడో లెవెల్ నుంచి అయితే ఇంకో ఆట! పచ్చి మోసమే. అయితే ఒకసారి కొన్నాక ఆ క్యాసెట్ మళ్లీ జేబు వైపు చూసేది కాదు.

బాతుల్ని కాల్చే ‘డక్ హంట్’ తుపాకీ ఇంకా ముచ్చటైన వస్తువు. అందులోంచి బయటికి ఏదీ రాదు. ట్రిగ్గర్ నొక్కగానే రెప్పపాటు కాలం తెర మొత్తం నల్లగా మారి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ మూతిలోని సెన్సర్‌కు ఆ వెలుగు తగిలితే బాతు పడినట్లే. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల వేగానికి లెక్కకట్టి చేసింది కాబట్టి ఇప్పటి టీవీలతో అది పనిచేయదు.

చేతిలో పట్టే ‘బ్రిక్ గేమ్’లో ప్రధానమైన ఆట ‘టెట్రిస్’. దీన్ని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశారు. ఇటుకలు పడే వేగం పెరుగుతూ పోతుంది, చివరికి ఎవరైనా ఓడాల్సిందే. అంటే ఆటే మనల్ని లేపి పంపించేస్తుంది.

1996లో జపాన్‌కు చెందిన బందాయ్ తెచ్చిన ‘తమగోచి’ దీనికి పూర్తిగా భిన్నం. గుడ్డు ఆకారంలోని ఆ బొమ్మలో ఒక బుజ్జి ప్రాణి ఉంటుంది. వేళకు తిండి పెట్టకపోతే చచ్చిపోతుంది. మనకు ఆడాలనిపించినప్పుడు కాదు, దానికి అవసరమైనప్పుడు మనం వెళ్లాలి. ‘ఇవాళ లాగిన్ కాకపోతే బహుమతి పోతుంది’ అనే నేటి ఫోన్ గేముల నోటిఫికేషన్‌కు మూలం నాకు ఆ గుడ్డులోనే కనిపిస్తుంది.

నాణెం నుంచి టోకెన్‌కు

పాత ఆటలు పరమ పవిత్రమైనవని కాదు. ‘కాంట్రా’ కూడా 1987లో మొదట నాణేలు వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంగానే వచ్చింది. ప్రాణం పోతే ఇంకో నాణెం వేయాలి. కాకపోతే ఆ నాణెం చేతిలో కనిపించేది. అది అయిపోతే ఇంటికి వెళ్లేవాళ్లు.

ఇప్పుడు రూపాయలు ముందు టోకెన్లుగా మారతాయి. పబ్జీ, బీజీఎంఐలలో వాటి పేరు ‘యూసీ’. వాటిని ప్యాకుల్లోనే కొనాలి. కావాల్సిన వస్తువు ధరకూ ప్యాక్‌కూ పొంతన కుదరక కొన్ని మిగిలిపోతాయి. వాటిని వాడుకోవాలంటే మరో ప్యాక్ కొనాలి. తర్వాతి మెట్టు ‘లూట్ బాక్స్’. డబ్బు కట్టి పెట్టె తెరవాలి, లోపల ఏముందో ముందే తెలియదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం జీవులు పదేపదే ప్రయత్నిస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. ఇలా డబ్బుతో తెరిచే పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చి చెప్పింది.

ఆటగా చూస్తే బీజీఎంఐ నాకు ఇష్టమే. వంద మంది దిగుతారు, వలయం కుంచించుకుపోతుంది, సుమారు అరగంటలో ఆట ముగుస్తుంది. కొనుక్కునే దుస్తులు, తుపాకీ రంగులు ప్రధానంగా అలంకారమే. నా ఫిర్యాదు ఆట మీద కాదు, దాని పక్కనే తెరిచిన దుకాణం మీద.

ప్రభుత్వాలు ఏం చూశాయి?

వ్యసనమవుతోందంటూ నేపాల్ 2019 ఏప్రిల్‌లో పబ్జీని నిషేధిస్తే, కొద్ది రోజుల్లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుల అమలును ఆపింది. భారత్ 2020 సెప్టెంబర్ 2న మరో 117 యాప్‌లతో పాటు దాన్ని నిషేధించింది. చెప్పిన కారణం దేశ భద్రత, డేటా. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు మైనర్లకు రోజుకు మూడు గంటలే ఆట, ఖర్చు రోజుకు 7,000 రూపాయలు దాటకూడదు అని కంపెనీ పరిమితులు పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు రోజుకు ఏడు వేలు!

2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి, డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆటలన్నింటినీ నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదనను పక్కన పెట్టేసింది. అలాంటి ఆటలు అందించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. రమ్మీ యాప్‌లలో అప్పులపాలైన కుటుంబాలను చూసినవారికి దాని అవసరం వేరే చెప్పక్కర్లేదు. కానీ ‘లూట్ బాక్స్’ అన్న మాట ఆ చట్టంలో లేదు. పెట్టెలోంచి వచ్చేది నోట్లు కాదు, తుపాకీకి వేసే రంగు. దాన్ని జూదం అనాలా వద్దా అన్నది తేలకుండానే ఉంది.

ఒకేసారి డబ్బు తీసుకుని, ఆ తర్వాత మనల్ని వదిలేసే ఆటలు ఇప్పటికీ ఉన్నాయి. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ’ అలాంటిదే. తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయి కథ, కొన్ని గంటల్లో పూర్తవుతుంది. పోరాట సన్నివేశాలు కాస్త మొరటుగా ఉన్నా, కోటలు, శిల్పాలు చూడటానికే ఆడొచ్చు.

ఫోన్‌లోనే ఆడే పిల్లలుంటే ప్లే స్టోర్‌లో ఆ గేమ్ వివరాల పేజీ తెరవండి. ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అన్నచోట ఒక్కో వస్తువుకు కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఉంటాయి. అందులో రెండో అంకె చూడండి. అక్కడి సెట్టింగ్స్‌లోనే ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు.