జిల్లా పేరు మార్పిడిలో ఎదురయ్యే దోషాలు: ఖమ్మం–భద్రాచలం సరిహద్దు గ్రామాల వెబ్ పుటలు

గ్రామచరిత్రలను, మౌఖిక కథనాలను వందలకొద్దీ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా భద్రపరచుకున్న పరిశోధకులకు జిల్లాల పునర్విభజన కొత్త పని కల్పించింది. పోలవరం ముంపు కారణంగా 2014లో చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు తదితర మండలాలు ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. తెలంగాణలోనే నిలిచిన భద్రాచలం పట్టణం 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న చింతూరు, కూనవరం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి ‘ఖమ్మం జిల్లా’ అన్న పదబంధాన్ని అన్ని ఫైళ్లలో ఒకే సెడ్ ఆదేశంతో మార్చడం కుదరదు. మండలాల వారీగా గ్రెప్‌తో ఫైళ్ల జాబితా తీసి, ఒక్కొక్క జాబితాపై వేరుగా ఆదేశం నడపాలి.

అలా నడిపినా కొన్ని చోట్ల మార్పు జరగదు. దోష సందేశం కూడా రాదు. అసలు చిక్కు అదే. తెలుగులో విభక్తి చేరితే పదరూపమే మారుతుంది: ‘ఖమ్మం’ కోసం వెదికితే ‘ఖమ్మానికి’ దొరకదు. పోనీ ‘ఖమ్మ’ అని కుదిస్తే పూర్వనామమైన ‘ఖమ్మంమెట్టు’ కూడా చిక్కుకుంటుంది. ‘వైరా’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. తెరపై భేదం కనిపించదు, గ్రెప్‌కు మాత్రం అవి వేర్వేరు. ‘వి.ఆర్‌.పురం’లో పొల్లు తరువాత కంటికి కనబడని విభాజకం ఉండవచ్చు. అందువల్ల ముందుగా నకలు తీసి, ఫైళ్లన్నింటినీ యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తేవడం అవసరం. ఆ ప్రక్రియ ఐత్వాన్ని ఏకరూపం చేస్తుంది కాని విభాజకాన్ని తొలగించదు. దానిని వేరుగా చూసుకోవాలి. ‘ఖమ్మం’ ఒక పంక్తి చివర, ‘జిల్లా’ తరువాతి పంక్తి మొదట పడినా సెడ్ గుర్తించదు, అది పంక్తి వెంట పంక్తిగా చదువుతుంది కనుక.

ఒకే ఆదేశాన్ని పొరపాటున రెండుసార్లు నడిపితే మరో అనర్థం. ‘కొత్తగూడెం’ను ‘భద్రాద్రి కొత్తగూడెం’గా మార్చే ఆదేశం రెండవసారికి ‘భద్రాద్రి భద్రాద్రి కొత్తగూడెం’ అని రాసిపెడుతుంది.

వీటన్నింటికన్నా ప్రమాదకరమైనది విజయవంతమైన మార్పిడి. 1986 గోదావరి వరదను వివరించే పుటలో కూనవరం ఖమ్మం జిల్లాలోనే ఉండాలి. అక్కడ అల్లూరి జిల్లా అని చేరితే అది కల్పిత సాక్ష్యమవుతుంది. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిదన్న వాక్యానికీ ఇదే ముప్పు. కథకుని మాటలో ‘మా ఖమ్మం జిల్లా’ అని ఉంటే దానిని దిద్దే అధికారం సంపాదకునికి లేదని నా అభిప్రాయం. నేటి చిరునామాను ప్రతి పుటలో ప్రత్యేకమైన ట్యాగుతో ఒకే పంక్తిలో ఉంచితే, సెడ్‌ను ఆ ట్యాగు ఉన్న పంక్తులకే పరిమితం చేయవచ్చు. ఆపైన నకలును కూడా ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తెచ్చి, డిఫ్‌తో దానిని, కొత్త ఫైలును పోల్చినప్పుడు చిరునామా పంక్తి తప్ప మరేదీ మారినట్లు కనిపించకూడదు.