చేతిలో వాయిద్యం లేని నాయకురాలు

అమెరికాలో హైస్కూలు చదివే మన బంధువులమ్మాయి "డ్రమ్ మేజర్ ఎంపికకి వెళుతున్నా" అంటే, డోలు వాయిస్తుందనుకుంటున్నారా? కాదండీ! ఫుట్‌బాల్ ఆట విరామంలో బ్యాండు నడుస్తూ వాయిస్తుంటే, ఎత్తయిన వేదిక మీద నిలబడి చేతులతో తాళం చూపడం ఆమె పని.

చెవులుండగా చేతులెందుకంటారా? మైదానం పొడవు 100 గజాలు. ఆ చివర మోగిన డ్రమ్ము ఈ చివరికి వినపడడానికి పావు సెకను పైగా పడుతుంది. విని వాయిస్తే వెనకబడతారు. చూసి వాయిస్తే కలుస్తారు.

ఎంపికలో సాధారణంగా తాళంలో నిలకడ, ఆజ్ఞలిచ్చే గొంతు, తోటివారితో ఓర్పు చూస్తారు. నెగ్గిన పిల్ల మైదానంలో తన క్లారినెట్ పక్కన పెట్టాల్సిందే!

ఎంపిక కాకపోతే మాత్రం చిన్నబుచ్చుకోనివ్వకండి. వాయించేవాళ్లే లేకపోతే ఆ చేతులు తాళం ఎవరికి చూపిస్తాయి, చెప్పండి?