కంచు బొమ్మకు 'నర్తకి' అని పేరు పెట్టిందెవరు?

ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో ఉన్న ఆ చిన్న కంచు బొమ్మను మనమంతా స్కూలు పుస్తకాల్లో చూసినవాళ్లమే. ఎత్తు 10.5 సెంటీమీటర్లు. వయసు దాదాపు 4,500 ఏళ్లు. 1926లో మొహెంజొదారో తవ్వకాల్లో దొరికింది. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసి తయారుచేశారు. కుడిచేయి నడుం మీద ఉంది. ఎడమచేతి నిండా గాజులు. మెడలో హారం. ఒంటిమీద బట్ట లేదు. పేరు 'డ్యాన్సింగ్ గర్ల్'.

ఆమె నాట్యం చేస్తోందనడానికి ఆధారం ఏమిటి? ఏమీ లేదు. సింధు లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. నడుం మీద చేయి పెట్టుకుని నిలబడ్డ నగ్న స్త్రీని చూసి, అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ ఆమెలో నాట్యగత్తెను ఊహించుకున్నాడు. అదే నగరంలో శాలువా కప్పుకున్న గడ్డపు మగవాడి రాతి విగ్రహం దొరికితే, దానికి 'పూజారి-రాజు' అన్న పేరు స్థిరపడింది. దానికీ ఆధారం లేదు. మగవాడికి అధికారం, ఆడదానికి ఆట! ఊహల్లో కూడా పంపకం ఇలాగే జరిగింది.

2023 మేలో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ మ్యూజియం ఎక్స్‌పోకు ఇదే బొమ్మ ప్రేరణతో నిలువెత్తు మస్కట్ చేశారు. ఒంటికి లేత గులాబీ రంగు వేశారు, బట్టలు తొడిగారు. విమర్శలు వస్తే, ఇది నకలు కాదు, సమకాలీన ద్వారపాలకురాలు అని సాంస్కృతిక శాఖ చెప్పింది. నిజమే, కంచు నలుపు ఆమె ఒంటి రంగు కాదు, అది కాలం పట్టించిన రంగు. కానీ ఆమె తెల్లగా ఉండేదనడానికి కూడా ఆధారం లేదు. మరి ఖాళీగా ఉన్న చోట ప్రతిసారీ తెలుపే ఎందుకు వచ్చి కూర్చుంటుంది?

ఈ ప్రశ్న మనకు పాతదేమీ కాదు. దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చిన నేల మనది. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. 'ఆడేది' అన్న ఒక్క మాట ఒక స్త్రీ శరీరాన్ని అందరి సొత్తుగా ఎలా మారుస్తుందో మనవాళ్లు అనుభవించారు. అందుకే మ్యూజియం చీటీని చిన్న విషయంగా కొట్టిపారేయలేం.

ఆ చీటీ మీద 'నిలబడిన స్త్రీ, కంచు, మొహెంజొదారో' అని రాస్తే చాలు. మిగతాది ఊహ అయితే, ఎవరి ఊహో కూడా రాయాలి. పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు మనం నేర్పాల్సిందీ ఇదే: ముందు బొమ్మను చూడు, తర్వాత చీటీ చదువు. అందులో కంటికి కనిపించేదేదో, ఎవరో అనుకున్నదేదో విడదీసి చూడు.