సున్నపుబట్టీ నుండి సంధిపత్రము వరకు

పిడుగురాళ్ల పరిసరములలోని సున్నపుబట్టీల పొగను చూడనివారు పలనాట అరుదు. మాచర్ల మొదలు దాచేపల్లి వరకు నేల అడుగున సున్నపురాయి విస్తారముగా ఉన్నది. ఆ రాయిని బొగ్గుతో కలిపి బట్టీలో వేసి, సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినచో సున్నము దిగును. వేసిన రాయి బరువెంతో, దిగిన సున్నము ఎంత తేలికో బట్టీపనివారికి చేతులే చెప్పును. తగ్గిన బరువు ఎక్కడికి పోయినది? శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలినచో 56 కిలోల సున్నము మిగులును. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. ఇది బొగ్గు నుండి పుట్టినది కాదు, రాతి నుండియే పుట్టినది. బొగ్గును పూర్తిగా మానివేసి సూర్యుని వేడితో కాల్చినను ఈ 44 కిలోలు తప్పవు. గోడకు కొట్టిన వెల్ల ఆరునప్పుడు ఆ వాయువును కొంత తిరిగి గ్రహించునన్న మాట నిజమే గాని, సిమెంటు కట్టడములలో ఆ పని బహు నెమ్మదిగా జరుగును. మానవుల వలన ప్రపంచమున వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 పాళ్లు సిమెంటు పరిశ్రమ వలననే అని శాస్త్రజ్ఞుల అంచనా.

రసాయనశాస్త్రము చెప్పవలసినది ఇంతే. ఇక మీదట చట్టము ప్రవేశించును. ఆ వాయువును తగ్గించు బాధ్యత ఎవరిది? తగ్గించు యంత్రము ఒక దేశమువారి చేతిలో ఉండి, రాయి మరియొక దేశమువారి నేలలో ఉన్నచో, ఆ యంత్రము ఏ షరతులపై, ఏ వెలకు చేతులు మారవలెను? ఈ ప్రశ్నలను పరిశోధించి బోధించుటయే వృత్తిగా స్వీకరించిన ఆచార్యులు నేడు పలు విశ్వవిద్యాలయములలో ఉన్నారు. నరసరావుపేటలోనో, గురజాలలోనో ఇంటర్మీడియెటు ముగించిన పిల్లలకు ఇంజనీరింగు, వైద్యము తప్ప వేరు చదువు ఉన్నదని చెప్పువారు తక్కువ. అందుచేత ఈ విద్యను గురించి శ్రోతలకు కొంత వివరింపదలచినాము.

1992లో రియో డి జనీరో నగరమున ప్రపంచ దేశములు వాతావరణ మార్పును గూర్చి ఒక ఒడంబడికపై సంతకములు చేయుట ప్రారంభించినవి. దాని 4వ అధికరణమున 5వ పేరా ఈ శాస్త్రమునకు మూలమని చెప్పవచ్చును. పర్యావరణమునకు హితమైన సాంకేతిక విజ్ఞానము ఇతర దేశములకు అందునట్లు ధనిక దేశములు సాధ్యమైన చర్యలన్నియు తీసికొనవలెనని అందున్నది. 7వ పేరా ఇంకను ముందుకు పోయి, పేద దేశములు తమ మాట ఎంతవరకు నిలుపుకొనగలవన్నది, ధనిక దేశములు ధనము, విజ్ఞానము అందించు మాటను ఎంతవరకు నిలుపుకొనునన్న దానిపై ఆధారపడియుండునని చెప్పినది. 2015 నాటి పారిస్ ఒప్పందమున 10వ అధికరణము కూడ ఇదే విషయమును గూర్చినది. అయితే 'సాధ్యమైన చర్యలు' అన్న మాటకు హద్దు ఎక్కడ? యంత్రముల రహస్యములు ప్రభుత్వముల సొత్తు కావు, కంపెనీల సొత్తు. వానికి 20 సంవత్సరముల పేటెంటు రక్షణ కలదు. ప్రభుత్వము వాగ్దానము చేయును, కంపెనీ వెల చెప్పును. మూడు దశాబ్దముల వివాదమంతయు ఈ రెండింటి నడుమనే నడచుచున్నది.

సాంకేతిక విజ్ఞానపు బదిలీ అనగా యంత్రము కొనితెచ్చుట అని పలువురు తలంతురు. పలనాటి పత్తిరైతునకు ఇది అట్లు కాదని వేరుగా చెప్పనక్కరలేదు. 2002లో బీటీ పత్తికి మన దేశమున అనుమతి లభించినది. కాయతొలుచు పురుగును తట్టుకొను గుణము గింజలోనే ఇమిడియుండుట నిజముగా గొప్ప విజ్ఞానమే. కాని 450 గ్రాముల ప్యాకెట్టు వెల 1,600 రూపాయలకు పైబడినది. అందు పెద్ద భాగము విత్తనమునకు కాదు, ఆ గుణముపై హక్కు గల సంస్థకు చెల్లించు రుసుమునకు పోయినది. సంకరజాతి అగుటచే పండిన గింజను దాచి మరుసటి యేడు విత్తుటకు వీలులేదు. అనగా రైతునకు వస్తువు అందినది గాని విజ్ఞానము అందలేదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ రుసుము అన్యాయమని గుత్తవ్యాపార నిరోధక కమిషను ఎదుట దావా వేసినది. రుసుము తగ్గింపుమని కమిషను ఉత్తరువు చేసినది, ప్యాకెట్టు వెల 750 రూపాయలకు దిగినది. మరుసటి సంవత్సరము పత్తివిత్తనముల వెలలను నిర్ణయించు అధికారమునకై రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టమునే చేసినది. ఈ శాస్త్రమున ఆసక్తి గల విద్యార్థి జెనీవా పోనక్కరలేకయే చదువదగిన మొదటి పాఠము ఇది.

రెండవ పాఠము శీతలయంత్రములది. ఓజోను పొరను చెరచు వాయువులను మానుటకై 1987లో మాంట్రియల్ నగరమున సంధి కుదిరినది. ప్రత్యామ్నాయ వాయువును తయారుచేయు విధానమునకై భారతీయ పరిశ్రమలు విదేశీ కంపెనీలను అడుగగా, 2 కోట్ల 50 లక్షల డాలర్లు కావలెనన్న జవాబు వచ్చినది. విజ్ఞానము ఇచ్చుటకు ఇష్టము లేదని చెప్పుటకు ఇంత మర్యాదైన మార్గము వేరు లేదు కాబోలు! మన దేశమువారు స్వంత పరిశోధనకు పూనుకొనిరి. ఆ పరిశోధనలో హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులకును పాలు కలదు. అట్లు సాధించిన వాయువు ఓజోనునకు హానిచేయదు గాని భూమిని మిక్కిలి వేడెక్కించునది యగుటచే, 2016 నాటి కిగాలి సవరణ దానిని కూడ క్రమముగా తగ్గింపవలెనన్నది.

పేటెంటు హక్కును ప్రభుత్వము దాటవచ్చునా? మన పేటెంటు చట్టమున 84వ సెక్షను ఇందుకు అవకాశము ఇచ్చుచున్నది. 2012 మార్చిలో ఒక క్యాన్సరు మందు విషయమున హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు దేశములో మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు లభించినది. నెలకు సుమారు 2,80,000 రూపాయలుగా ఉన్న మందు 8,800 రూపాయలకు దిగినది. ప్రాణము నిలుపు మందునకు చెల్లినది గాలిని శుభ్రపరచు యంత్రమునకు చెల్లునా అన్నది నేటి పండితుల తర్కము. మా అభిప్రాయమున ఈ ఉపమానము కొంతవరకే నిలుచును. మందులోని అణువును విశ్లేషించి మరల తయారుచేయవచ్చును. పెద్ద బట్టీని నడుపు నేర్పు కాగితముపై ఉండదు, నడిపినవాని అనుభవములో ఉండును. లైసెన్సు కాగితమును తెప్పించును గాని అనుభవమును తెప్పింపలేదు.

కలసి పనిచేయుట అను మూడవ మార్గమొకటి కలదు. స్విట్జర్లాండు, క్యూబా, భారతదేశముల శాస్త్రజ్ఞులు కలసి రూపొందించిన కొత్త సిమెంటు ఇందుకు నిదర్శనము. అందు క్లింకరు సగమే. తక్కినది కాల్చిన బంకమన్ను, కాల్చని సున్నపురాయి, కొంచెము జిప్సము. రాయిని కాల్చకయే వాడుటచే 44 కిలోల లెక్క ఆమేరకు తగ్గును. మామూలు సిమెంటుతో పోల్చినచో బొగ్గుపులుసు వాయువు సుమారు మూడవవంతు తగ్గునని చెప్పుదురు. ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐ.ఐ.టి.లు ఇందు పాల్గొన్నవి. 2023లో భారతీయ ప్రమాణముల సంస్థ దీనికి ప్రమాణమును ప్రకటించినది. సున్నపురాయి సమృద్ధిగా గల పలనాటికి ఇంతకంటె దగ్గరి విషయము మాకు తోచుటలేదు.

న్యాయస్థానముల పాత్రను గూర్చి చెప్పునపుడు తెలుగువారు కొంత గర్వపడుటకు హక్కు కలదు. 1987లో దామోదరరావు కేసులో, హైదరాబాదులో ఉద్యానమునకై కేటాయించిన స్థలమున ఇండ్లు కట్టరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినది. రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కులో మంచి పరిసరములు కూడ ఇమిడియున్నవని జస్టిస్ పి. ఎ. చౌదరి ఆ తీర్పున వివరించిరి. 1999లో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల రక్షణకు సంబంధించిన ఎం. వి. నాయుడు కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. జస్టిస్ ఎం. జగన్నాధరావు వ్రాసిన తీర్పులో ముందుజాగ్రత్త సూత్రము విపులముగా చర్చింపబడినది. హాని కలుగదని రుజువుచేయు భారము కర్మాగారము పెట్టువానిపై ఉండునని దాని సారాంశము. శాస్త్రవిషయములను తేల్చుటకు శాస్త్రజ్ఞులు కూడ కూర్చుండు న్యాయస్థానములు అవసరమని ఆ తీర్పు సూచించినది. తరువాత ఆయనయే లా కమిషను అధ్యక్షులుగా 2003లో 186వ నివేదికలో ఆ సూచనకు రూపము కల్పించిరి. 2010లో హరిత ట్రిబ్యునలు చట్టము వచ్చినది. తీర్పు నుండి నివేదిక, నివేదిక నుండి చట్టము ఎట్లు పుట్టునో దీనికంటె చక్కని ఉదాహరణము దొరకదు.

2024లో సుప్రీంకోర్టు మరియొక అడుగు వేసి, వాతావరణ మార్పు దుష్ఫలితముల నుండి రక్షణ పొందుట 14, 21 అధికరణముల క్రింద పౌరుల హక్కు అన్నది. ఆ వివాదము బట్టమేకపిట్టను గూర్చినది. మన రోళ్లపాడు అభయారణ్యము కూడ ఆ పక్షి కొరకు ఏర్పడినదే. రాజస్థాన్, గుజరాత్ ఎడారులలో సూర్యరశ్మి విద్యుత్తును మోయు తీగలకు తగిలి ఆ పక్షులు చచ్చుచున్నవి. ఒక ప్రక్క గాలికి మేలు, మరియొక ప్రక్క పక్షికి కీడు. ఇట్టి చిక్కులు ఈ శాస్త్రమున అడుగడుగునను ఉండును.

ఇక చదువు విషయము. ఇంటర్మీడియెటు తరువాత అయిదేండ్ల న్యాయవిద్యకు రాష్ట్రమున లాసెట్, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములకు క్లాట్ అను ప్రవేశపరీక్షలు కలవు. విశాఖపట్టణమున దామోదరం సంజీవయ్య పేరిట 2008లో వెలసినది, హైదరాబాదులో 1998 నుండి నడచుచున్న నల్సార్ ఈ కోవకు చెందినవి. పిమ్మట ఎల్.ఎల్.ఎం., జాతీయ అర్హతా పరీక్ష, పరిశోధన. మొత్తము పది సంవత్సరములకు తక్కువ కాదు. తలిదండ్రులు దీనిని ముందే తెలిసికొనుట మేలు. స్థిరమైన విశ్వవిద్యాలయ ఉద్యోగమున ఏడవ వేతన సంఘము ప్రకారము ప్రారంభపు మూలవేతనము 57,700 రూపాయలు. కాని అట్టి ఉద్యోగములు కొద్ది. తాత్కాలిక ఉపన్యాసకులుగా ఏండ్లు గడుపువారు పెక్కుమంది. వాతావరణ చట్టమునకే ప్రత్యేకమైన ఆచార్య పదవులు ఇంకను తక్కువ యగుటచే, చాలమంది రాజ్యాంగమో, కాంట్రాక్టు చట్టమో బోధించుచు దీనిని జతగా సాగించవలసియుండును. అయినను ఈ మార్గమున దూరము పోయినవారు లేకపోలేదు. బెంగుళూరు నేషనల్ లా స్కూలున చదివిన లావణ్యా రాజామణి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ పర్యావరణ న్యాయశాస్త్ర ఆచార్యులైరి. పారిస్ ఒప్పందపు ముసాయిదా వ్రాసిన బృందమునకు సహాయపడినవారిలో ఆమె ఒకరు.

ఇంగ్లీషు బాగుగా రావలెనన్నది నిజమే. రసాయనశాస్త్రము, లెక్కలు కొంత తెలిసియుండుట మరింత అవసరము. 44 కిలోల లెక్క అర్థము కానివాడు దానిపై చట్టము వ్రాయలేడు. కాని బట్టీ వద్ద నిలిచి పనివారితో వారి మాటలోనే మాటలాడగల శక్తి ఏ ఆక్స్‌ఫర్డు పుస్తకాలయమును ఇయ్యదు. పలనాటి విద్యార్థికి అది పుట్టుకతోనే వచ్చినది.

పరిశోధనకు విషయములు దూరమున వెదకనక్కరలేదు. కేంద్రప్రభుత్వము 2022లో ఇంధన పొదుపు చట్టమును సవరించి, 2025లో సిమెంటు మొదలగు పెద్ద పరిశ్రమలకు వాయువుల లక్ష్యములను నిర్ణయించినది. లక్ష్యమును మించి తగ్గించినవారు ఆ మిగులును అమ్ముకొనవచ్చును. ఐరోపా దేశములు 2026 జనవరి నుండి సిమెంటు, ఇనుము, అల్యూమినియము వంటి దిగుమతులపై వాయువు లెక్కన రుసుము విధించుటకు పూనుకొన్నవి. పెద్ద కర్మాగారములకు ఇంజనీర్లును, న్యాయవాదులును, బ్యాంకులును ఉన్నవి. చిన్న సున్నపుబట్టీకి ఇవేవియు లేవు. లక్ష్యములు దానికి వర్తింపవు, అమ్ముకొను మిగులు దానికి లేదు, మేలైన బట్టీ కట్టుటకు అప్పిచ్చువాడు అంతకంటె లేడు. బట్టీ మూతపడినచో పనివాని కూలి ఆనాడే ఆగును. పది, ఇరువది బట్టీలవారు కలసి ఒక సంఘముగా ఏర్పడి కొత్త విధానమును ఉమ్మడిగా కొనుటకు 1964 నాటి సహకార చట్టము అనువా, 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టము అనువా అన్నది కూర్చుండి తేల్చదగిన ప్రశ్న. లైసెన్సు ఎవరి పేరిట ఉండవలెను, ఒక బట్టీ మూతపడినచో ఆ పాలు ఎవరికి చెందవలెను, పనివారికి అందు భాగమున్నదా అన్నవి దాని వెంట వచ్చును. రెండు చట్టముల ప్రతులు, పదిమంది బట్టీదారుల లెక్కపుస్తకములు చేత నుంచుకొని పిడుగురాళ్లలోనే ఈ పని మొదలుపెట్టవచ్చును.