బడితోట: పరభాషకు తొలిమెట్టు



బ్రతుకుతెరువునకై పుట్టిన నేల విడిచి పోవునది పెద్దలే యైనను, ఆ వలసలోని కష్టమును నోరు మెదపక యనుభవించువారు పిల్లలు. క్రొత్త దేశపు బడిలో గూర్చుండిన బాలునకు ఉపాధ్యాయుని మాట తెలియదు. వాని మాట తోడివారికి దెలియదు. తెలివి యుండియు మందమతివలె గన్పట్టును. అట్టి పిల్లలకు ఇంగ్లీషు నేర్పుటయందు బడితోటలు చేయు మేలు మనమెల్లరము తెలిసికొనదగినది.

1907వ సంవత్సరమున ఒక్క యేటనే న్యూయార్కు చెంతనున్న ఎల్లిస్ దీవి రేవున 10 లక్షలమంది వలసవారు దిగిరి. వారిలో పెక్కుమంది ఐరోపా పల్లెలనుండి వచ్చినవారు. ఇరుకు గదులలో జేరిన వారి బిడ్డలకు చారెడు నేలయైనను లేకపోయెను. అంతకు పూర్వమే, 1902లో, ఫ్యానీ పార్సన్స్ అను నామె ఆ నగరమందలి డివిట్ క్లింటన్ పార్కులో పాడునేలను బాగుచేయించి పిల్లల తోటను నెలకొల్పెను. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చిన్న మడి యొసగబడెను. 1995లో కాలిఫోర్నియాలోని బర్కిలీ పట్టణమున ఆలిస్ వాటర్స్ అను నామె ఒక పాఠశాలయందు ఎకరము తోటను, దానికి తోడుగా వంటశాలను ఏర్పరచెను. అచ్చటి తరగతులలో నానాభాషలు మాటలాడు ఇండ్ల పిల్లలు కలరు.

తోట భాషను నేర్పుట యెట్లు? "త్రవ్వుము", "నీరు పోయుము", "కలుపు తీయుము" అని ఉపాధ్యాయుడు పలుకుచు తానును ఆ పని చేయును. మాట, వస్తువు, క్రియ మూడును ఒక్కచో నిలుచును గాన అర్థము చెప్ప బనిలేదు. ఆజ్ఞ విని పని చేయుచు భాష నేర్చు ఈ పద్ధతిని 1960 ప్రాంతములందు జేమ్స్ ఆషర్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి ప్రచారము చేసెను. ఇందు బిడ్డ వెంటనే మాటలాడ నక్కఱలేదు; మున్ముందు చేయి బదులు చెప్పును, పిదప నోరు.

ఇంతకన్న ముఖ్యమైనది గౌరవము. ఒక గోంగూర జాతి మొక్కనే చూడుడు. తెలుగు బిడ్డ దానిని ఇంటి కూరగా గుర్తించును. బర్మా బిడ్డ చిన్‌బౌంగ్ అనును. మెక్సికో బిడ్డ దాని పుష్పకోశములతో జేయు పానకమును హమైకా యనును. ఇంగ్లీషున దానికి రోజెల్ అని పేరు. తరగతిలో తల వంచుకొన్న రైతుబిడ్డ ఇచ్చట విత్తుట యెంత లోతో తోడివారికి జూపి గురువగును. ఇతరులకు నేర్పగలిగిన చోటు పరాయిచోటుగా దోపదు.

తోట యున్నంతనే సర్వము సిద్ధింపదు. గ్రంథపాఠమునకు ఇది తోడే గాని బదులు గాదు. వేసవి సెలవులలో నీరు పెట్టువారు లేనిచో మళ్లు మాడిపోవును. ఒక్క ఉపాధ్యాయుని యుత్సాహముపై నాధారపడిన తోట ఆయన బదిలీతో బీడగును.

ఈ విషయము మనకు దూరము గాదు. తెలంగాణమందలి ఇటుక బట్టీలకు ఒడిశానుండి వచ్చు కూలీల బిడ్డలకు మన తెలుగే పరభాష. పాఠశాలలయందు పోషకాహార తోటలు పెంచుటకు 2019లో భారత ప్రభుత్వము మార్గదర్శకములను వెలువరించినది. విత్తనములు, ఎరువు, సెలవుదినములలో నీటి వంతు, వారమునకొక గంట అనుభవజ్ఞుడైన రైతు సాయము: ఇవి మన సంఘములకు భారము గావు. మన గ్రామపు బడిలో మాట రాని బిడ్డ యొక్కడున్నను వానికొక మడి చూపుదము.